తప్పనిసరి తెలుగు: చట్టం బరువు ఎవరి మీద?

ఈ భాగంలో మీరు చదవబోయేది ఒక చట్టం మీద విమర్శ. కవిత్వం మీదా, కథ మీదా, నవల మీదా విమర్శ ఎలా ఉంటుందో ముందు భాగాల్లో చూశారు. చట్టాన్ని కూడా అలాగే చదవవచ్చు. అదీ రచనే. దానికొక సందర్భం ఉంటుంది. ఎవరినో ఉద్దేశించి మాట్లాడుతుంది. కొన్ని సంగతులు గట్టిగా చెబుతుంది, కొన్నిటి దగ్గర నోరు మెదపదు. ఆ రెండో రకం చోట్లలోనే విమర్శకుడికి పని ఎక్కువ.

మనం తీసుకుంటున్నది తెలంగాణ శాసనసభ 2018 మార్చిలో ఆమోదించిన చట్టం. రాష్ట్రంలోని పాఠశాలల్లో తెలుగు బోధననూ అభ్యసనాన్నీ తప్పనిసరి చేసిన చట్టమది. తెలుగు చెప్పుకుని బతికిన మనిషి దీన్ని విమర్శించడమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ చట్టం వచ్చినప్పుడు సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇష్టమైన రచననే ఎక్కువ జాగ్రత్తగా చదవాలని మా గురువులు చెప్పేవారు.

దీని మీద జరిగిన చర్చ చాలావరకు రెండు గట్ల మీద నిలబడి జరిగింది. "తెలుగు చచ్చిపోతోంది, పట్టుబట్టి అయినా బతికించాలి" అనేవారు ఒక గట్టు. "భాషను ఎవరి మీదా రుద్దకూడదు" అనేవారు ఇంకో గట్టు. ఈ రెండింటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుందని నా అభిప్రాయం. చట్టం తన బరువును ఎవరి నెత్తిన పెట్టింది? పిల్లవాడి నెత్తినా, బడి నెత్తినా, లేక ప్రభుత్వం తన నెత్తినే పెట్టుకుందా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకుని ముందుకు చదవండి.

చట్టంలో ఉన్నదేమిటి

2017 డిసెంబరు 15 నుంచి 19 వరకు హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు అంతకు కొద్ది నెలల ముందే, ఒకటో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు తెలుగును తప్పనిసరి చేస్తామని ప్రకటించారు. మహాసభల ఉత్సాహం చల్లారకముందే చట్టం వచ్చింది. ఈ తేదీలను గుర్తుపెట్టుకోండి. పండుగ వేడిలో రాసిన పాఠానికి ఒక స్వరం ఉంటుంది.

చట్టం సారాంశం చిన్నదే. 2018-19 విద్యా సంవత్సరంలో ఒకటి, ఆరు తరగతులతో మొదలై, ఏటా ఒక్కో తరగతి చొప్పున పైకి పోతూ, పదో తరగతి వరకు తెలుగు ఒక పాఠ్యాంశంగా ఉండాలి. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి అన్న తేడా లేదు. రాష్ట్ర బోర్డు, సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఐబీ అన్న తేడా లేదు. ఏ మాధ్యమంలో చదువు చెప్పినా తెలుగు పీరియడు ఉండి తీరాలి. అమలు చేయని బడికి మొదటిసారి రూ.50 వేలు, రెండోసారి లక్ష రూపాయల వరకు జరిమానా. అప్పటికీ మారకపోతే గుర్తింపుకే ఎసరు.

ప్రకటనలో ఉన్న పన్నెండో తరగతి చట్టంలోకి వచ్చేసరికి పదో తరగతి అయింది. మధ్యలో రెండేళ్ళు, అంటే ఇంటర్మీడియట్ మొత్తం, జారిపోయింది. దీని దగ్గరికి మళ్ళీ వద్దాం.

మాధ్యమం వేరు, పాఠ్యాంశం వేరు

భాషా విధానం మీద రాసే జవాబుల్లో విద్యార్థులు తరచుగా కలిపేసే రెండు మాటలివి. అన్ని పాఠాలూ ఏ భాషలో చెబుతారో అది బోధనా మాధ్యమం. ఒక భాషను గణితం, సాంఘికశాస్త్రం లాగా ఒక పీరియడులో నేర్పిస్తే అది పాఠ్యాంశం. న్యాయస్థానాలు ఈ రెండింటినీ వేరువేరు తూకాల్లో తూచాయి.

కర్ణాటక ప్రభుత్వం ప్రాథమిక స్థాయిలో మాతృభాషా మాధ్యమాన్ని తప్పనిసరి చేయాలని చూసింది. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కుదరదంది. మాధ్యమాన్ని ఎంచుకునే స్వేచ్ఛ పిల్లలదీ, వారి తరఫున తల్లిదండ్రులదీ అని తేల్చింది. అంతకు పదేళ్ళ ముందు, 2004లో, మహారాష్ట్రలో గుజరాతీ అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలు మరాఠీని పాఠ్యాంశంగా తప్పనిసరి చేయడాన్ని సవాలు చేసినప్పుడు ఇదే కోర్టు ప్రభుత్వాన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారుస్తూ, తెలుగును ఒక పాఠ్యాంశంగా ఉంచుతూ జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. అక్కడ తెలుగు మాధ్యమం కావాలన్న తల్లిదండ్రులకు దారి మూసుకుపోవడమే అభ్యంతరం.

కాబట్టి తెలంగాణ చట్టం న్యాయపరంగా గట్టి నేల మీదే నిలబడింది. తెలుగును మాధ్యమంగా రుద్దలేదు, పాఠ్యాంశంగా అడిగింది. ఈ రాష్ట్రంలో పెరిగే పిల్లవాడికి ఆసుపత్రిలో, బస్సులో, తహసీల్దారు ఆఫీసులో పనికొచ్చే భాష వచ్చి ఉండాలనడం అన్యాయం కాదు. ఇంతవరకు నాకు పేచీ లేదు.

పేచీ తరవాతి అడుగుతో మొదలవుతుంది. చట్టం వచ్చిన నాలుగేళ్ళకు, 2022-23లో, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. పుస్తకాన్ని ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా అచ్చువేశారు. ఆ ఎదురెదురు పేజీల ఆలోచన మంచిదనే నేను అంటాను. ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేని పిల్లకు అది ఊతకర్ర. కానీ రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. విజ్ఞానశాస్త్రం, గణితం, చరిత్ర చెప్పే భాషగా తెలుగు ఒక పక్క వెనక్కి జరుగుతోంది. పద్యం, వ్యాసం, వ్యాకరణం చెప్పే ఒక్క పీరియడుగా మరో పక్క తప్పనిసరి అవుతోంది. బడిలో తెలుగు ఉంటుంది. దానితో చేసే పని మాత్రం తగ్గుతుంది.

నారాయణగూడలో ఒక బడి

ఇప్పుడు తొంభై ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాలి. వెళ్ళే చోటు మాత్రం దగ్గరే. లోయర్ ట్యాంక్ బండ్ నుంచి అశోక్‌నగర్, చిక్కడపల్లి మీదుగా నడిస్తే నారాయణగూడ వస్తుంది. అక్కడ మాడపాటి హనుమంతరావు పేరుతో బాలికల ఉన్నత పాఠశాల ఉంది. 1928లో మొదలైన బడి. హైదరాబాదు సంస్థానంలో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పడానికి పుట్టింది.

ఆ రోజుల్లో తెలుగు ఎక్కడుందో తెలియాలంటే 1921 నవంబరు నాటి ఒక సంఘటన చూడాలి. హైదరాబాదులోని వివేకవర్ధినిలో సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఇతర భాషల్లో మాట్లాడినవారిని సభ విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టింది. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ముందుండి నడిపినవారిలో మాడపాటి ఒకరు.

అప్పటి విద్యావ్యవస్థను ఒక్క మాటలో తిట్టేసి ఊరుకోవడం సులువు. విమర్శకుడు అలా చేయకూడదు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషలో, ఉర్దూలో, ఉన్నత విద్య మొత్తం చెప్పింది. అంతకుముందు దేశంలో ఆ పని అంత పెద్దఎత్తున చేసినవారు లేరు. వైద్యం, ఇంజనీరింగు దాకా ఉర్దూలోకి తేవడానికి ప్రత్యేకంగా అనువాద సంస్థను, దారుల్ తర్జుమాను, పెట్టి ప్రభుత్వ ఖర్చుతో పుస్తకాలు రాయించారు, పరిభాష తయారు చేయించారు. పాలకుడు ఒక భాష బరువును తన నెత్తిన పెట్టుకుంటే ఏం జరుగుతుందో చూడటానికి మన ఊళ్ళోనే ఉన్న ఉదాహరణ అది. అయితే ఆ భాష సంస్థానంలో ఎక్కువమంది ఇళ్ళలో మాట్లాడే భాష కాదు. తెలుగు పిల్లకు, మరాఠీ పిల్లకు, కన్నడ పిల్లకు అది మరో పరాయి మాధ్యమమే అయింది.

నారాయణగూడ బడికి పరీక్షల దగ్గర చిక్కొచ్చింది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. అప్పుడు నిర్వాహకులు పూనాలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం పెట్టుకుని ఆ పరీక్షలకు తమ పిల్లల్ని పంపారు. ఇక్కడి తెలుగు పిల్లల తెలుగు చదువుకు ముద్ర వేసినవారు ఎక్కడో పూనాలో ఉన్నారు. తెలుగు మాట్లాడనివ్వని సభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషి స్థాపించిన సంస్థే కొన్నేళ్ళకు ఈ తెలుగు బడికి ఆసరా అయింది. చరిత్రలో ఇలాంటివి కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు.

ఈ బడిని ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, దాన్ని పెట్టినవాళ్ళు పిల్లల్ని బలవంతం చేయలేదు, ఎవరికీ జరిమానా వేయలేదు. ఆ శక్తి వాళ్ళకు లేదు కూడా. వాళ్ళు చేయగలిగింది ఒకటే: గది, పంతులమ్మ, పుస్తకం, పరీక్ష, ఈ నాలుగూ అమర్చడం. ప్రభుత్వం మోయవలసిన బరువును కొందరు మనుషులు చందాలతో మోశారు. 2018 చట్టానికి వీళ్ళ కష్టం వారసత్వంగా వచ్చింది. ఆ వారసత్వంలోని నాలుగింటిలో చట్టం ఎన్నింటిని అందుకుందో చూడాలి.

*ఆలోచించండి: "గది, పంతులమ్మ, పుస్తకం, పరీక్ష" అన్న నాలుగింటినీ మీరు చదువుకున్న బడికి అన్వయించండి. తెలుగు విషయంలో వీటిలో ఏది బలంగా ఉండేది, ఏది లోపించింది? పది వాక్యాల్లో రాసి పెట్టుకోండి.*

హవాయి ఏం చేసింది

పోలిక కోసం ఒక దూరదేశం చూద్దాం. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులు ఒకప్పుడు స్వతంత్ర రాజ్యం. 1893లో అక్కడి రాణిని గద్దె దించారు. 1896లో వచ్చిన చట్టం ఇంగ్లీషునే బడుల మాధ్యమం చేసింది. అప్పటిదాకా హవాయి భాషలో నడిచిన బడులు మూతపడ్డాయి. రెండు మూడు తరాలు గడిచేసరికి ఇళ్ళలో కూడా మాట ఆగిపోయింది. 1980ల మొదటికి ఆ భాష మాట్లాడగల చిన్నపిల్లలు కొన్ని పదుల మందే మిగిలారని అక్కడివారు లెక్కగట్టారు.

1978లో హవాయి రాష్ట్రం తన రాజ్యాంగాన్ని సవరించుకుంది. హవాయి భాషను ఇంగ్లీషుతో పాటు అధికార భాష చేసింది. ప్రభుత్వ పాఠశాలల్లో హవాయి భాష, సంస్కృతి, చరిత్రలతో కూడిన విద్యా కార్యక్రమాన్ని రాష్ట్రమే ఏర్పాటు చేయాలని అందులో రాసుకుంది. 1984లో తల్లిదండ్రులు "పూనానా లేయో" పేరుతో హవాయి భాషలోనే నడిచే శిశువిహారాలు మొదలుపెట్టారు. విచిత్రమేమిటంటే, పాత నిబంధన ఇంకా పుస్తకాల్లో ఉండటంవల్ల మొదటి రెండేళ్ళు అవి చట్టవిరుద్ధమే. 1987లో ప్రభుత్వ బడుల్లో హవాయి మాధ్యమ తరగతులు వచ్చాయి. తరవాత ఒక చిన్న దీవిలో ఆ తరగతులు లేవని ఒక తల్లి కోర్టుకు వెళ్ళింది. 2019లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, అలాంటి చదువు అందుబాటులో ఉంచడానికి తగిన ప్రయత్నాలన్నీ చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిదేనని చెప్పింది.

వాక్యంలో కర్త ఎవరో చూడండి. వ్యాకరణం పాఠం మీకు ఇక్కడ పనికొస్తుంది. హవాయి రాజ్యాంగ వాక్యంలో కర్త రాష్ట్రం: "రాష్ట్రం ఏర్పాటు చేయాలి." మన చట్టంలో ప్రాణం ఉన్న వాక్యానికి కర్త పాఠశాల: "పాఠశాల బోధించాలి, లేకపోతే జరిమానా." హవాయిలో చదువు దొరకని తల్లి ప్రభుత్వాన్ని కోర్టుకు లాగగలిగింది. తన ఊరి బడిలో తెలుగు పంతులు లేడని ఒక తండ్రి ఈ చట్టం పట్టుకుని ఎవరి తలుపు తట్టాలి?

ఇంకో మాట. తెలుగును హవాయితో పోల్చి "మన భాష కూడా అంతరించిపోతోంది" అని రాసేయకండి. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల 11 లక్షలు. 2001లో దాదాపు 7 కోట్ల 40 లక్షలు. సంఖ్య పెరిగింది, దేశంలో స్థానం మాత్రం మూడు నుంచి నాలుగుకు దిగింది. మనకు కరువైంది మాట్లాడేవాళ్ళు కాదు. తెలుగుతో నడిచే పనులు తక్కువవుతున్నాయి. రోగం వేరైనప్పుడు మందూ వేరుగా ఉండాలి. హవాయికి మాట్లాడే పిల్లలు కావాలి కాబట్టి శిశువిహారంలో మొదలుపెట్టింది. మనకు తెలుగు చదివినవాడికి తెలుగుతో పని కావాలి. అంటే చూడవలసింది బడి దాటిన తరవాతి మెట్లను.

అశోక్‌నగర్ లెక్క

ఆ మెట్లు ఎలా ఉన్నాయో అశోక్‌నగర్‌లో కనిపిస్తుంది. మీలో చాలామందికి ఆ పేట తెలిసే ఉంటుంది. గ్రూప్స్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, జిరాక్సు దుకాణాలు, పక్కనే చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో పొద్దున తలుపు తీయకముందే కట్టిన వరస. దూరవిద్యలో డిగ్రీ చేస్తూ అక్కడ గది తీసుకున్న పిల్లలు ఎందరో. జిల్లాల నుంచి వచ్చినవాళ్ళలో తెలుగు మాధ్యమంవాళ్ళే ఎక్కువగా నాకు తగిలారు.

తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ సంగతి చూడండి. మిగతా పేపర్లను తెలుగులో గానీ, ఇంగ్లీషులో గానీ, ఉర్దూలో గానీ రాయవచ్చు. మంచిదే. వాటికి ముందు ఒక అర్హత పేపరు ఉంది: జనరల్ ఇంగ్లీషు. అందులో గట్టెక్కకపోతే మిగతావి దిద్దినా లాభం లేదు. తెలుగులో అలాంటి అర్హత పేపరు లేదు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో గ్రూప్-1కి తెలుగు, ఇంగ్లీషు రెండూ అర్హత పేపర్లే.

దీని అర్థమేమిటి? రేపు ఆర్డీవోగానో, డీఎస్పీగానో జనం గోడు వినవలసిన మనిషికి తెలుగు చదవడం, రాయడం వచ్చో రాదో ఎంపిక దశలో రాష్ట్రం అడగడం లేదు. ఆరో తరగతి పిల్లకు తెలుగు చెప్పని బడిని మాత్రం యాభై వేలు కట్టమంటోంది. ఒకే ప్రభుత్వం రాసిన రెండు పాఠాలివి. రెండింటినీ కలిపి చదివిన తల్లిదండ్రులు ఏ నిర్ణయానికి వస్తారో చెప్పనక్కరలేదు. పిల్లలు అంతకన్నా ముందే వస్తారు.

ఇప్పుడు ఇంటర్మీడియట్ దగ్గరికి వద్దాం. పదో తరగతి దాకా తప్పనిసరిగా తెలుగు చదివిన విద్యార్థి జూనియర్ కాలేజీలో చేరగానే ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకోవచ్చు. తీసుకుంటున్నారు కూడా. సంస్కృతం మీద కొత్తగా ప్రేమ పుట్టి కాదు, అందులో మార్కులు తేలిగ్గా వస్తాయన్న నమ్మకం కార్పొరేట్ కాలేజీల్లో పాతుకుపోయి ఉంది. సంస్కృతానికీ తెలుగుకూ ఇద్దరికీ ఇది గౌరవం కాదు. ప్రకటనలో ఉన్న 11, 12 తరగతులు చట్టంలోకి ఎందుకు రాలేదో ఊహించడం కష్టం కాదు. ఆ రెండేళ్ళ మీదే చాలామంది వ్యాపారం నిలబడి ఉంది.

పుస్తకం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంట్లో తెలుగు లేని పిల్లకు, తెలుగింటి పిల్లకు ఒకే వాచకం పెట్టలేం. ఇతర బోర్డుల బడులకు 9, 10 తరగతుల్లో "సింగిడి" వాచకం కష్టంగా ఉందనీ, దాని బదులు "వెన్నెల" అన్న సులభ తెలుగు వాచకం వాడవచ్చనీ 2025 ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. తొమ్మిదికి 2025-26 నుంచి, పదికి 2026-27 నుంచి. చేసిన పని సరైనది. సింగిడి అంటే తెలంగాణలో హరివిల్లు. ఆ మాటను వాచకానికి పేరుగా పెట్టినవారిని మెచ్చుకోవాలి. కానీ తేదీల మధ్య దూరం చూడండి. జరిమానా 2018లో సిద్ధం. వేరే భాష పిల్ల చదవగల పుస్తకం పై తరగతులకు చేరేసరికి ఏడేళ్ళు. వరస తిరగబడిందని నేనంటున్నది దీన్నే. పుస్తకం ముందు, పంతులు ముందు, జరిమానా చివర ఉండాలి.

హోసూరు నుంచి చూస్తే

"భాషను రుద్దకూడదు" అనే రెండో గట్టువారికి జవాబు చెప్పాలంటే మనం కాసేపు స్థలం మార్చుకోవాలి. తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళున్నారు. 2006లో తమిళనాడు తన బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక మెట్టు ఎక్కుతూ 2015-16కు పదో తరగతికి చేరింది. మన చట్టం నడక కూడా ఇదే. అక్కడ తమిళం మొదటి భాష స్థానంలో కూర్చుంది. తెలుగు ఐచ్ఛికం అయింది. తెలుగు మాధ్యమంలో చదువుతున్న పిల్లలు పదో తరగతి పరీక్షలో తమిళం పేపరు నుంచి మినహాయింపు కోసం మద్రాసు హైకోర్టుకూ, ఆ తరవాత సుప్రీంకోర్టుకూ వెళ్ళవలసి వచ్చింది. 2023లో కూడా సుప్రీంకోర్టు భాషా అల్పసంఖ్యాకులకు మినహాయింపు పొడిగించింది.

ఆ వార్తలు మన పత్రికల్లో వచ్చినప్పుడు "తమిళనాట తెలుగుకు అన్యాయం" అని రాశాం. రాయవలసిందే. మరి హైదరాబాదులో ఉర్దూ పిల్ల, నిజామాబాదులో మరాఠీ పిల్ల, నారాయణపేటలో కన్నడ పిల్ల మనల్ని అదే అడిగితే? 2011 లెక్కల్లో హైదరాబాదు జిల్లాలో తెలుగు, ఉర్దూ మాతృభాషలుగా చెప్పుకున్నవారు ఇంచుమించు సమానం. 2017 చివర్లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాష చేసింది ఇదే శాసనసభ. హోసూరుకో తూకం, హైదరాబాదుకో తూకం పెట్టుకున్న విమర్శ విమర్శ కాదు.

ఒకే తూకం పెట్టుకున్నా సరే, తప్పనిసరి తెలుగు నిలబడుతుందని నేను అనుకుంటాను, ఒక షరతు మీద. హోసూరు తెలుగు పిల్ల తమిళం నేర్చుకోవడంలో నష్టం లేదు, లాభమే. ఆ పిల్లకు నష్టం జరిగింది తమిళం లోపలికి వచ్చినందుకు కాదు, తెలుగు బయటికి పోయినందుకు. అందుకే రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడుతున్న సమయంలోనే దాన్ని చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రం, ప్రతి స్థానిక సంస్థ ప్రయత్నించాలంటుంది అది. ఇక్కడ కూడా కర్త రాష్ట్రమే. తప్పనిసరి భాషా చట్టాలన్నిటినీ ఈ అధికరణంతో కలిపి చదవాలి. విడదీసి చదివితే అవి హక్కులా కాక సుంకంలా కనిపిస్తాయి.

మనకు తెలిసిన మంచి నమూనా ఒకటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు ప్రాథమిక వాచకాలు తయారు చేశారు. లిపి తెలుగుదే, మాట వాళ్ళ ఇంటిది. పిల్ల తన మాటతో అక్షరం పట్టుకుని, మెల్లగా తెలుగులోకి, ఆ పైన ఇంగ్లీషులోకి నడుస్తుంది. అన్ని ఊళ్ళలో ఇది ఒకేలా నిలబడలేదు; ఆ భాష తెలిసిన పంతులు బదిలీ అయిన చోట ఆగిపోయిందని ఆ పనిలో ఉన్నవాళ్ళు చెప్పగా విన్నాను. ఇక్కడా చివరికి ప్రశ్న పంతులు దగ్గరికే వచ్చింది. పుస్తకం ఉండి పంతులు లేకపోయినా, పంతులు ఉండి పుస్తకం లేకపోయినా బండి కదలదు.

తెలుగింటి పిల్ల సంగతిలో కూడా "ఏ తెలుగు?" అన్న ప్రశ్న ఉంది. ఆదిలాబాదు పల్లెలో పిల్ల బడిలో "పోయిండు" అంటే ఎర్రసిరాతో దిద్దిన తరాలు గడిచాయి. 2014 నుంచి కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వాచకాల్లో ఇంటిమాట కొంత వచ్చింది. మూల్యాంకనంలోకి ఎంత వచ్చిందో మీలో టీచర్లుగా పనిచేస్తున్నవారు నాకన్నా బాగా చెప్పగలరు.

చట్టాన్ని సవరించే అవకాశం వస్తే నేను కోరే మార్పులు పెద్దవి కావు. ప్రతి బడిలో అర్హత ఉన్న తెలుగు ఉపాధ్యాయుణ్ణి నిలబెట్టే బాధ్యతను ప్రభుత్వం మీద పెడుతూ, అది జరగనప్పుడు తల్లిదండ్రులు అడగడానికి ఒక అధికారిని చూపిస్తూ ఒక నిబంధన. తెలుగు వచ్చినందువల్ల పిల్ల ఇంటిభాష పీరియడు పోకూడదని ఇంకొకటి. ఇంటర్మీడియట్‌లో ఏ ద్వితీయ భాష తీసుకున్నా ఒక చిన్న తెలుగు పేపరు. గ్రూప్-1లో ఇంగ్లీషు అర్హత పేపరు పక్కన తెలుగుకో, ఉర్దూకో ఒక అర్హత పేపరు. చివరిదానికి చట్టం కూడా అక్కరలేదు, నోటిఫికేషన్‌లో ఒక పంక్తి చాలు.

*అభ్యాసం: మీ ఊళ్ళో లేదా మీ పేటలో ఇతర బోర్డుకు చెందిన ఒక బడి, ప్రభుత్వ బడి ఒకటి ఎంచుకోండి. వారానికి తెలుగు పీరియడ్లు ఎన్ని, చెప్పేవారు తెలుగు చదివినవారేనా, వేరే భాష పిల్లలకు ఏ పుస్తకం ఇస్తున్నారు, వారి ఇంటిభాషకు పీరియడు ఉందా అని అడిగి తెలుసుకోండి. దొరికిన వివరాలతో "చట్టం బరువు ఎవరి మీద?" అన్న ప్రశ్నకు మీ జవాబు మూడు పేజీల్లో రాసి అధ్యయన కేంద్రంలో మీ కౌన్సిలరుకు ఇవ్వండి. నా అభిప్రాయంతో విభేదించినా మార్కులు తగ్గవు.*